అంకెలకు రంగులుంటే లెక్కలు రాసుకోవడం ఎలా

మిర్యాలగూడలో ఒక రైస్ మిల్లులో లెక్కలు రాస్తాను. నాకు 2 పసుపు, 5 నీలం, 7 వంకాయ రంగు. మంగళవారం బచ్చలిపండు రంగు. వడ్ల పొట్టు తీసే షెల్లర్ ఆన్ చేస్తే ఎడమ పక్కన కింద నుంచి బూడిదరంగు గరుకుగా లేస్తుంది. చిన్నప్పటి నుంచీ ఇంతే. దీన్ని సినస్తీషియా అంటారు. అంకె చూసినా, మాట విన్నా, దాంతోపాటే రంగో రుచో ఆకారమో పిలవకుండానే వచ్చేస్తుంది. రోగం కాదు. బ్రిటన్‌లో 2006లో అచ్చయిన ఒక అధ్యయనం ప్రకారం వందలో నలుగురికి పైగా ఏదో ఒక రకం ఉంటుంది. అంటే సాగర్ పోయే బస్సు నిండా జనం ఉంటే అందులో ఒకరిద్దరికి ఉండే ఉంటుంది. వాళ్ళకే తెలియకపోవచ్చు.

ఇది వరమా, పీడా అని మాట్లాడేవాళ్ళు చాలామంది ఉన్నారు. నాకంత తీరిక లేదు. యాసంగి వడ్లు దిగాయంటే పొద్దున్నే కాంటా ముందు లారీలు వరుస కడతాయి, చీకటి పడేలోపు చిట్టీలన్నీ కలవాలి. రంగులు పోయేవి కావు కాబట్టి, వాటిని పెట్టుకునే తప్పుల్లేకుండా ఎలా నెట్టుకురావాలో చెప్తాను. బ్యాంకులో, మెడికల్ షాపులో, బడిలో పనిచేసేవాళ్ళకూ పనికొస్తుంది.

ముందు ఉందో లేదో చూసుకోండి

"నాకూ శుక్రవారం అంటే పసుపేనమ్మా, లక్ష్మీపూజ గద" అన్నాడు మా ఆఫీసులో ఒకాయన. వారం ఆగి అడిగితే ఎరుపన్నాడు. తేడా అక్కడే పట్టుబడుతుంది. నిజంగా ఉన్నవాళ్ళకు రంగు దాదాపు మారదు.

ఒక నోటుబుక్కులో 0 నుంచి 9, అచ్చులు, హల్లులు, వారాలు, నెలలు, ఇంట్లోవాళ్ళ పేర్లు వరుస తప్పించి కలగలిపి రాయండి. ఒక్కోదానికి ఎదురుగా రంగు. నీలం అని రాస్తే చాలదు, నీలాలు బోలెడు. ఫోన్‌లో బొమ్మలు గీసే యాప్ తెరిచి, మీకు కనిపించే ఆ నీలమే దొరికేదాకా జరిపి, చుక్క పెట్టి స్క్రీన్‌షాట్ తీసుకోండి. ఏ రంగూ రానివాటి దగ్గర గీత కొట్టి వదిలేయండి, బలవంతంగా పుట్టించొద్దు. ఆ కాగితం బీరువాలో పడేసి, పంట మారేదాకా దాని జోలికి పోకండి. తర్వాత మళ్ళీ కొత్తగా రాసి, రెండూ పక్కపక్కన పెట్టి చూడండి. ఇంట్లో ఇంకొకరితో కూడా రాయిస్తే తేడా కొట్టొచ్చినట్టు తెలుస్తుంది. లండన్‌లో మనస్తత్వ శాస్త్రవేత్త సైమన్ బారన్-కోహెన్ బృందం 1987లో వాడిన పద్ధతికి మూలం ఇదే. వాళ్ళు 1993లో వెల్లడించిన ఫలితాల్లో, ఇది ఉన్నవాళ్ళు ఏడాది తర్వాత అడిగినా పదింట తొమ్మిదింటికి పాత రంగే చెప్పారు. లేనివాళ్ళు వారానికే పదింట నాలుగు కూడా నిలబెట్టుకోలేకపోయారు.

ఇంకో పరీక్ష తమిళనాడులో పుట్టి అమెరికాలో పనిచేసిన మెదడు శాస్త్రవేత్త వి.ఎస్. రామచంద్రన్, ఆయన శిష్యుడు ఎడ్వర్డ్ హబ్బర్డ్ 2001లో చేసింది. డిజిటల్ గడియారంలో ఉండేలాంటి గీతల 5లు పేజీ నిండా నల్లగా అచ్చు వేసి, మధ్యలో కొన్ని 2లు త్రికోణంగా పెడతారు. రెండిటి ఆకారం ఒకదానికొకటి అద్దంలో చూసినట్టే కాబట్టి మామూలువాళ్ళు వెతుక్కోవాలి. రంగులు వచ్చేవాళ్ళకు త్రికోణం త్వరగా దొరుకుతుంది. మెదడులో అంకెల ఆకారం పట్టే చోటూ, రంగు పట్టే చోటూ పక్కపక్కనే ఉండటంతో ఒకదాని కదలిక ఇంకోదానికి పాకుతుందని వాళ్ళు అన్నారు. అయితే ఈ పరీక్ష తప్పినంత మాత్రాన లేదనుకోకండి. కొందరికి రంగు కాగితం మీదే కనిపిస్తుంది, ఎక్కువమందికి మనసులోనే మెదులుతుంది. నాది రెండో రకం. కాగితం మీది నల్ల సిరా నాకూ నల్లగానే ఉంటుంది.

మీ దొంగ జంటల్ని పట్టుకోండి

లెక్కలు రాసేవాళ్ళకు అసలు పని ఇది. రంగులు అంకెల్ని గుర్తు పెట్టడంలో సాయం చేస్తాయి, కానీ రెండు అంకెల రంగులు దగ్గరగా ఉంటే అవే ముంచుతాయి. నాకు 4 ఇటుక ఎరుపు, 8 తుప్పు రంగు. 1 తెలుపు, 0 గాజులాగా రంగే లేనిది. ఈ రెండు జంటలే నన్ను తిప్పలు పెట్టేవి.

మా దగ్గరికి వచ్చే వడ్ల రకాలు చూడండి. ఎంటీయూ 1010 ఉంది, ఎంటీయూ 1001 ఉంది. మామూలు మనిషికి చివర రెండంకెలు తారుమారు, అంతే. నాకు రెండు చిట్టీలూ తెల్లగా, ఒకటే తీరుగా ఉంటాయి. బీపీటీ 5204తో ఏ ఇబ్బందీ లేదు, నీలంతో మొదలై పసుపు తగిలి ఎరుపుతో ఆగుతుంది, దూరం నుంచే పోల్చుకుంటాను. ఆర్ఎన్ఆర్ 15048, అదే తెలంగాణ సోనా, మళ్ళీ నా గండమే: చివర 48 పక్కపక్కనే కూర్చుంది. ఎవరైనా 15084 అని రాసినా చూడగానే తట్టదు.

అందుకని మొదటి పని, ఆ జంటలున్న చోట అక్షరాల్లో రాయించడం. రైతులు ఎలాగూ వెయ్యిపది, వెయ్యిన్నొకటి అనే అంటారు. చిట్టీ మీదా అదే రాయమన్నాను. సేటుతో ఎక్కువ చెప్పలేదు. "సేటు, ఈ రెండు రకాల చిట్టీలు నా కండ్లకు ఒక్కతీరుగ కొడుతున్నయి, అంకె పక్కన మాట గూడ రాయిస్తే రెండు రకాల బస్తాలు ఒకదాంట్లొకటి కలవవు" అన్నాను. "గంతేనా? రాయించు" అన్నాడు. రంగుల కథ అడగలేదు, నేనూ చెప్పలేదు.

రెండోది, నోటితో చదవడం. చిట్టీ నుంచి కంప్యూటర్‌లోకి ఎక్కించేటప్పుడు కంటితో కాపీ చేయకండి. "నాలుగు, ఎనిమిది, సున్నా, సున్నా" అని పెదవులు కదిపి చదివి, చెవి విన్నదాన్ని కొట్టండి. కంటికి దగ్గరగా ఉన్న రెండంకెలు చెవికి దూరంగా ఉంటాయి. చుట్టుపక్కలవాళ్ళు మంత్రాలు చదువుతోందని నవ్వుతారు, నవ్వనివ్వండి.

మూడోది లెక్కలవాళ్ళకు బాగా పనికొచ్చేది. రెండంకెలు తారుమారైతే వచ్చే తేడా ఎప్పుడూ 9తో భాగం పోతుంది. పాత గుమస్తాలందరికీ తెలిసిన సంగతే. నేను దాన్ని నా జంటలకు బిగించుకున్నాను. 4 బదులు 8 పడితే తేడా 4, 40, 400, 4,000 ఇలా ఉంటుంది. తౌడు బిల్లు 14,250ని 18,250గా ఎక్కిస్తే సరిగ్గా 4,000. 48 కాస్తా 84 అయితే తేడా 36, 360, 3,600 వరసలో వస్తుంది. 1, 0 అయితే ఒకటి, పది, వంద, లేకపోతే 9, 90, 900. 1010లో నుంచి 1001 తీసేయండి, తొమ్మిదే. సాయంత్రం లెక్క కలవనప్పుడు ముందు తేడా ఎంతో చూస్తాను. 3,600 కనిపిస్తే మొత్తం చిట్టీలు తిరగేయను, 48, 84 ఉన్నవే లాగుతాను. మీ జంట 3, 6 అయితే మీ తేడాలు 3, 30, 300, లేదా 27, 270, 2,700. జంట తెలుసుకుని, ఆ సంఖ్యలు టేబుల్ అద్దం కింద పెట్టుకోండి.

రంగులు సాయపడే చోట మొహమాటం లేకుండా వాడుకోండి. ప్రభుత్వానికి బియ్యం అప్పజెప్పేటప్పుడు క్వింటాల్ వడ్లకు పచ్చి బియ్యమైతే 67 కిలోలు, ఉప్పుడు బియ్యమైతే 68. నాకు ఒకటి వంకాయ రంగుతో ముగుస్తుంది, ఇంకోటి తుప్పుతో. ఈ రెండూ కలవడమన్నది ఉండదు. డ్రైవర్ల ఫోన్ నంబర్లు కూడా పట్టీల్లా గుర్తుంటాయి. కానీ ఓటీపీ, ఏటీఎం పిన్ దగ్గర జాగ్రత్త. ఏ రంగులున్నాయో గుర్తుంటుంది, వరుస జారిపోతుంది. మామూలువాళ్ళకంటే మన జ్ఞాపకం సగటున కాస్త మెరుగని పరిశోధకులు అన్న మాట నిజమే, ఆ కాస్తను పట్టుకుని రాసుకోవడం మానేయొద్దు.

లారీ నంబర్ల సంగతి ఒకటి. మా జిల్లా బండ్లకు ముందు ఏపీ 24 ఉండేది. తెలంగాణ వచ్చాక టీఎస్ 05 అయింది, 2024 నుంచి కొత్త బండ్లకు టీజీ 05. నా కంటికి జిల్లా రంగే రెండుసార్లు మారింది. ఇప్పుడు గేటు ముందు మూడు తరాల బండ్లూ కలిసి నిలబడతాయి. గేట్ పాస్ రాసేటప్పుడు చివరి నాలుగంకెలతో సరిపెట్టకుండా మొదటి నుంచి పూర్తిగా రాయండి, వాచ్‌మన్‌తో ఒకసారి చదివించండి.

ఇక ఎక్సెల్. పక్క సీటువాళ్ళు బాకీ ఉన్న 5లకు ఎరుపు, తీరినవాటికి ఆకుపచ్చ పూస్తే నాకు తల తిరుగుతుంది. అచ్చు రంగు మన రంగుకు ఎదురైతే చదవడం నెమ్మదిస్తుందని ప్రయోగాల్లో కూడా తేలింది. నా షీట్‌లో అక్షరాలన్నీ నలుపే. బాకీలకు పక్క గడిలో ఒక అక్షరం పెడతాను, దాన్ని బట్టి ఫిల్టర్ చేస్తాను. వేరేవాళ్ళు ఇచ్చే ఫైల్ వాళ్ళ రంగుల్లో వస్తే ముందు అన్నీ నలుపు చేసుకుని మొదలుపెట్టండి.

మోతలు

మిల్లులో ఎలివేటర్లు, షెల్లర్, పాలిషర్ అన్నీ కలిసి నడిస్తే సాయంత్రానికి కళ్ళ వెనకాల నిండిపోతుంది. చెవుల్లో స్పాంజి ప్లగ్గులు పెట్టుకోండి, మధ్యాహ్నం తిండి గోదాము అవతల తినండి. ఇంకేం మంత్రం లేదు. ఒకటి మాత్రం చెప్పాలి. బేరింగు పోయేముందు నాకు ఆ బూడిదరంగులో నారింజ చారిక కనిపిస్తుంది. ఫిట్టర్ దాన్ని మహిమ అనుకుంటాడు. కాదు. మోతలో కీచుదనం చెవి పట్టింది, రంగు దాన్నే చూపించింది. చెవికి అందనిది రంగు ఎన్నడూ చెప్పదు. కాబట్టి "నాకు నారింజ కనిపించింది" అని మిషన్ ఆపించకండి. "కీచుమంటుంది, చూడు" అనండి.

మనుషుల పేర్లు

మా దగ్గరికి వచ్చే ఒక డ్రైవర్ పేరు నాకు బురద రంగు. వినగానే చిరాకు. మనిషేమో గన్నీ సంచి ఒక్కటి తేడా రానివ్వడు. పేరు రంగు పెట్టే ఈ చిరాకు చాలా సన్నగా ఉంటుంది, కారణం వేరే ఉందని మనకే అనిపిస్తుంది. ఎవరినైనా ఊరికే నచ్చలేదంటే, ఆ పేరు మీ నోటుబుక్కులో ఏ రంగుందో తీసి చూడండి. సంబంధాలు చూసేటప్పుడు మరీను.

ఎవరికి చెప్పాలి

అందరికీ అక్కర్లేదు. నేను చిన్నప్పుడు "అమ్మా, అయిదు నీలముంటది గద" అంటే, "ఏం మాట్లాడుతున్నవే, గాలి తగిలిందా" అని అమావాస్యకు చెర్వుగట్టు గుట్ట మీది శివుడి గుడికి తీసుకుపోయింది. గుట్టెక్కిన, మొక్కిన, దిగిన. అయిదు నీలంగనే ఉంది. అమ్మను తప్పు పట్టను, అప్పుడు ఎవరికి తెలుసు. తమాషా ఏంటంటే మా చిన్నమ్మకు నెలలన్నీ నడుము చుట్టూ గుండ్రంగా పరుచుకుని ఉంటాయట, ఉగాది సరిగ్గా ఎడమ మోచేతి దగ్గర. ఇదీ ఈ కోవలోదే. ఇంగ్లండ్‌లో ఫ్రాన్సిస్ గాల్టన్ అనే శాస్త్రవేత్త అంకెలు ఇలా ఒక దారిలో పరుచుకుని కనిపించేవాళ్ళ వివరాలు 1880లోనే రాశాడు, కుటుంబాల్లో నడుస్తుందని కూడా గమనించాడు. కాబట్టి ఇంట్లో చెప్పాలనుకుంటే పెద్దవాళ్ళకు చెప్పకుండా ముందు వాళ్ళనే అడగండి: "నీకు సోమవారం ఎక్కడుంటది?" ఉన్నవాళ్ళు టక్కున చూపిస్తారు. లేనివాళ్ళు మీ మొహం చూస్తారు.

మా చెల్లె బిడ్డ నల్లగొండలో చదువుతుంది. గోడ మీది చార్టులో అ అక్షరానికి తప్పు రంగు వేశారని ఏడ్చింది. ఇలాంటి పిల్లల్ని అబద్ధాలంటూ కసరొద్దు, చుట్టాల ముందు నిలబెట్టి "చెప్పవే, ఏడు ఏం రంగు" అని ఆడించొద్దు. టీచర్‌తో ఒక్క మాట: పలక మీద తెల్ల బలపంతో రాయించండి, రంగుల అక్షరాలు తర్వాత. ఎక్కాలు రాకపోతే మాత్రం రంగుల మీదికి నెట్టకండి, కూర్చోబెట్టి చదివించండి.

డాక్టర్ దగ్గరికి ఎప్పుడు

ఊహ తెలిసినప్పటి నుంచి ఉండి, మారకుండా ఉంటే మందులు అక్కర్లేదు. ఎవరైనా రాసిస్తే ఎందుకని అడగండి. పెద్దయ్యాక ఉన్నట్టుండి మొదలైతే మాత్రం కథ వేరు. తలకు దెబ్బ తగిలాక, ఫిట్స్ వచ్చాక, చూపు తగ్గుతున్నప్పుడు, విపరీతమైన తలనొప్పితో పాటు, కొత్త మందు వేసుకున్నాక రంగులు కనిపించడం మొదలైతే న్యూరాలజీ డాక్టర్‌కు చూపించాలి. మన వైపు నుంచి హైదరాబాద్ నిమ్స్‌కు పోయేవాళ్ళే ఎక్కువ. పోయేముందు ఏ నెలలో మొదలైంది, ఎంతసేపు ఉంటుంది, ఒక కంటికా రెండు కళ్ళకా, అప్పుడు మాట తడబడుతుందా అన్నవి కాగితం మీద రాసుకోండి. వాడుతున్న మందుల చీటీలు, ఆయుర్వేదం పొట్లాలతో సహా, అన్నీ సంచిలో వేసుకుపోండి.