పిల్లల ఒళ్లు చూడటం నేర్చుకుందాం – 4వ పాఠం: దగ్గే బిడ్డ ఎముకలు

మూడో పాఠంలో ఊపిరి లెక్కపెట్టడం నేర్చుకున్నాం. బిడ్డ ఏడవకుండా ఉన్నప్పుడు, నిండు నిమిషం. రెండు నెలల్లోపు బిడ్డకు 60, అక్కణ్నుంచి ఏడాది లోపు 50, ఏడాది నుంచి అయిదేళ్ల లోపు 40. ఆ అంకెకు చేరినా, దాటినా వేగంగా పీలుస్తున్నట్టే, దగ్గే బిడ్డకైతే అది న్యుమోనియా (ఊపిరితిత్తుల ఇన్ఫెక్షన్) కావొచ్చు. ఇవి నోటికి రాకపోతే ఇక్కడే ఆగి ఆ పాఠం మళ్లీ చదివి రండి.

ఈసారి ఎముకలు. న్యుమోనియాకీ మణికట్టుకీ ఏం సంబంధం అని అడగొచ్చు. ఇథియోపియాలో అయిదేళ్ల లోపు పిల్లల మీద చేసిన ఒక పరిశీలన 1997లో లాన్సెట్ పత్రికలో వచ్చింది. న్యుమోనియా వచ్చిన పిల్లల్లో నూటికి 42 మందికి రికెట్స్, అంటే ఎముకలు మెత్తబడే జబ్బు, కనిపించింది. న్యుమోనియా లేని పిల్లల్లో నూటికి నలుగురికే. విటమిన్ డి గానీ కాల్షియం గానీ చాలకపోతే ఎదిగే ఎముక గట్టిపడదు. పక్కటెముకలు మెత్తబడితే ఊపిరి లాగినప్పుడు ఛాతీ విచ్చుకోదు, లోపలికి కుంగుతుంది. కండల్లో సత్తువ ఉండదు, దగ్గు గట్టిగా రాదు, కఫం కదలదు. పైగా క్రిములతో పోరాడే కణాలకు కూడా విటమిన్ డి కావాలి.

మన ఒడిశాలో పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ వైపు ఎండకేం కరువు అంటారా? ఎండ ఉంది, బిడ్డకు తగలదు. పసిబిడ్డను నెలల తరబడి గుడ్డల్లో చుట్టి లోపలి గదిలో ఉంచుతాం. నూనె రాసి చూపించేది పొద్దుటి లేత ఎండ. తిరుపతిలో చేసిన పరిశీలనలో చర్మం విటమిన్ డి తయారు చేసుకునే వేళ ఉదయం 11 నుంచి మధ్యాహ్నం 2 వరకు అని తేలింది. ఆ ఎండలో పసివాణ్ని పడుకోబెట్టమని నేను చెప్పను. అందుకే డాక్టర్లు మొదటి ఏడాది రోజుకు 400 యూనిట్ల విటమిన్ డి చుక్కలు వేయమంటారు. తల్లిపాలలో అన్నీ ఉన్నా విటమిన్ డి మాత్రం చాలా తక్కువ.

ఇక చెయ్యి పెట్టి చూద్దాం. ముందు మణికట్టు. బిడ్డ ముంజేతిని మీ బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పట్టుకుని మోచేతి వైపు నుంచి కిందికి జారండి. మణికట్టుకు కాస్త పైన ఎముక వెడల్పయి వేళ్లకు అడ్డు తగిలితే గుర్తుపెట్టుకోండి. బొద్దు పిల్లల చేతి మడత కూడా అలాగే కనిపిస్తుంది కానీ నొక్కితే మెత్తగా దిగుతుంది, ఎముక దిగదు. అనుమానం వస్తే అదే వయసు బిడ్డ చెయ్యి పట్టుకుని పోల్చండి.

తర్వాత ఛాతీ. రొమ్ము ఎముకకు అటూ ఇటూ, పక్కటెముక వచ్చి మృదులాస్థితో కలిసేచోట వేలు పైనుంచి కిందికి నడపండి. వరసగా నున్నటి బుడిపెలు పూసల దండలా తగిలితే అది రికెట్స్ గుర్తు. బక్క పిల్లల పక్కటెముకలు ఎలాగూ బయటికి కనిపిస్తాయి, దాన్ని చూసి టెన్షన్ పడొద్దు. మనం వెతికేది బుడిపె.

ఈ పాఠంలో అసలు కష్టం ఇప్పుడొస్తుంది. రికెట్స్ ఉన్న బిడ్డకు ఛాతీ అడుగున, పొట్టకు పైన అడ్డంగా ఒక గాడి పడొచ్చు. న్యుమోనియాలో డొక్కలు ఎగరేసినప్పుడు కూడా అక్కడే లోపలికి పోతుంది. రెండింటినీ విడదీయాలంటే చొక్కా తీసి, వెలుతురు పక్కనుంచి పడేలా కూర్చోబెట్టి కదలిక చూడాలి. ఊపిరి లాగినా వదిలినా గాడి అలాగే ఉంటే అది ఎముక వంపు. లాగిన ప్రతిసారీ లోతుగా దిగి, వదలగానే పైకొస్తే అది డొక్కలు ఎగరేయడం, ప్రమాదం. మెత్తటి ఛాతీలో రెండూ కలిసే ఉండొచ్చు. ఎటూ తేలకపోతే ప్రమాదమనే అనుకోండి.

మాడు సంగతి తేలిక. ఏడాదిన్నర దాటినా మూసుకోకపోతే చెప్పాల్సిన విషయమే. జ్వరంలో, బిడ్డ ఏడవకుండా కూర్చున్నప్పుడు కూడా మాడు ఉబ్బి ఉంటే మెదడు పొరల ఇన్ఫెక్షన్ కావొచ్చు, వెంటనే కదలాలి. మన ఊళ్లలో అందరూ మొదట చూసేది దొడ్డికాళ్లు. రెండేళ్ల లోపు కాళ్లు కొంచెం వంపుగా ఉండటం మామూలే, నేనైతే వాటిని ఆఖరున చూస్తాను.

ఊపిరి వేగంగా ఉండి మణికట్టు కూడా లావుగా తగిలితే ఆ రోజే ఆస్పత్రికి. డొక్కలు ఎగరేసినా, పాలు తాగలేకపోయినా, మగతగా ఉన్నా, ఫిట్స్ వచ్చినా 108. కాల్షియం పడిపోయినా ఫిట్స్ వస్తాయి, కాబట్టి మణికట్టు మాట డాక్టరుకు మీరే చెప్పండి. ఒడియా రాకపోతే వేలు పెట్టి చూపించండి. ఎక్స్‌రే, రక్తపరీక్షతో వాళ్లు తేలుస్తారు. ఇలాంటి బిడ్డకు వాతలు పెట్టించే ఇళ్లు కొండ ఊళ్లలో ఇంకా ఉన్నాయి. కాలిన చోటు నుంచి మరో ఇన్ఫెక్షన్ ఎక్కుతుంది. నలుగు పెట్టేటప్పుడు కాళ్లూ చేతులూ లాగి విరిచే అలవాటు కూడా మానాలి, మెత్తటి ఎముక విరుగుతుంది.

న్యుమోనియాకు మందు యాంటీబయాటిక్, విటమిన్ డి కాదు. కాబూల్‌లో పసిబిడ్డలకు మూడు నెలలకోసారి లక్ష యూనిట్లు వేసి చూశారు. న్యుమోనియా తగ్గలేదని 2012లో ఫలితం వచ్చింది. పెద్దవాళ్ల కోసం తెచ్చిన 60,000 యూనిట్ల పొడిని బిడ్డకు కలిపి పట్టకండి. అది ఏడాది లోపు బిడ్డకు 150 రోజుల లెక్క. ఎక్కువైతే వాంతులు, మలబద్ధకం, ఆపైన కిడ్నీలకు దెబ్బ. ఆరు నెలలు నిండిన బిడ్డకు చోడి (రాగి) జావ మంచిదే, వంద గ్రాముల చోళ్లలో సుమారు 350 మిల్లీగ్రాముల కాల్షియం ఉంటుంది. విటమిన్ డి మాత్రం అందులో ఉండదు.

అభ్యాసం: ఈసారి మమతా దివస్‌కు (ఊళ్లో తల్లీపిల్లలకు జరిపే ఆరోగ్య దినం) వెళ్లినప్పుడు తల్లులను అడిగి, ఆరోగ్యంగా ఉన్న అయిదుగురు పిల్లల మణికట్లు పట్టుకుని చూడండి. వయసు, వేలికి తగిలింది నోటుబుక్‌లో రాయండి. మామూలు మణికట్టు చేతికి అలవాటయ్యాకే అయిదో పాఠం మొదలుపెట్టండి. అందులో ఒళ్లు చేసి ఎదిగే బిడ్డకే రికెట్స్ ఎందుకు బాగా బయటపడుతుందో, చిక్కి శల్యమైన బిడ్డలో ఎందుకు దాక్కుంటుందో చూద్దాం.