గింజ దాచుకుందాం – 5వ పాఠం: ఆనపపాదుకి సంధ్యవేళ పెళ్ళి

పోయిన పాఠంలో టమాటా, బీన్స్ గింజలు తీశాం. అవి బుద్ధిమంతులు. పువ్వు పూర్తిగా విచ్చేలోపే లోపల పని చాలామటుకు అయిపోతుంది కాబట్టి పక్క మడిలో ఏ రకం ఉన్నా పెద్ద భయం లేదు. ఈసారి ఆనపకాయ. సొరకాయ అనే అలవాటున్నవాళ్ళు అలాగే చదువుకోండి. దీనికి ఆడపువ్వు వేరు, మగపువ్వు వేరు. మధ్యలో ఏ పురుగో తిరిగితే గానీ కాయ కట్టదు. ఆ పురుగు ఎవరి దొడ్లో తిరిగి మన దొడ్లోకి వచ్చిందో మనకి తెలీదు. పేచీ అంతా అక్కడే.

ముందు నా తప్పు చెప్పేస్తాను. డల్లాస్ పక్కన మేముండే ఊళ్ళో పబ్లిక్ లైబ్రరీలో పాత కార్డు కేటలాగు బీరువా ఉంది. పుస్తకాల వివరాలు కంప్యూటర్లోకి ఎక్కాక ఖాళీ అయిన సొరుగుల్లో ఇప్పుడు గింజల కవర్లు ఉంటాయి. కాలిఫోర్నియాలో రిచ్‌మండ్ లైబ్రరీ 2010లో, అరిజోనాలో పీమా కౌంటీ లైబ్రరీలు 2012లో మొదలుపెట్టిన పద్ధతే ఇది. సీజన్ ముందు కవరు తీసుకెళ్ళి, కాపు అయ్యాక వీలైతే కొన్ని గింజలు తెచ్చి సొరుగులో వెయ్యాలి. మూడేళ్ళ కిందట నేనూ నాలుగు కవర్లు వేశాను. పైన గొప్పగా "ఆనప, పొడుగు రకం, లేతగా ఉంటుంది" అని రాశాను. మరుసటి జూలైలో లైబ్రరీలో జరిగే గింజల వర్క్‌షాప్‌కి వచ్చిన ఒకావిడ నన్ను పక్కకి పిలిచి, "అక్కా, మీ గింజల కాయ చేదు విషం. పప్పు మొత్తం పారబోశాను" అంది.

తల ఎక్కడ పెట్టుకోవాలో తెలీలేదు. మా ఇంట్లో ఆ కాయలు ఏడాదంతా తిన్నాం, ఒక్కటీ చేదు లేదు. మరి ఎలా? వెనకింటాయన కంచె మీద పాకించిన తీగ అప్పుడు గుర్తొచ్చింది. ఈ దేశంలో పర్పుల్ మార్టిన్ అనే పిట్టలకి గూళ్ళు కట్టడానికి బుర్రకాయలు పెంచుతారు. గట్టి పెంకు, లోపల చేదు. చూడ్డానికి వేరేగా ఉన్నా అది మన ఆనపే. రెండూ ఒకే జాతి, లాగినేరియా సైసెరేరియా. రెండూ సాయంత్రమే పూస్తాయి. ఒక రాత్రి చాలు.

ఈ పాఠంలో ఒక్క ముక్కే గుర్తుంచుకోవాలంటే ఇది పెట్టుకోండి: బయటి పుప్పొడి పడ్డా ఈ ఏడు కాయ రుచి మారదు. కండ తల్లిపాదుది. మార్పు లోపలి గింజలో దాక్కుని, దాన్ని నాటినవాళ్ళ కూరలో బయటపడుతుంది. మా కాయ బాగుంది కదా అని గింజ పంచడం అందుకే చెల్లదు.

చేదు సంగతి రుచితో పోయేది కూడా కాదు. కుకుర్బిటాసిన్లు అనే పదార్థాల వల్ల వచ్చే చేదు అది. ఉడికించినా పోదు. సొరకాయ రసం తాగి కొందరి ప్రాణాలు పోయాక ఇండియాలో ఐసీఎంఆర్ (భారత వైద్య పరిశోధన మండలి) నిపుణుల కమిటీ వేస్తే, చేదుగా ఉన్న రసం తాగొద్దనే వాళ్ళూ చెప్పారు. అందుకని ప్రతి పాదు మొదటి కాయలోనూ చిన్న ముక్క కోసి నాలిక చివర ఆనించి ఉమ్మేయండి. చేదు తగిలితే పాదే పీకేయండి. మొహమాటం వద్దు.

ఇక పని. విత్తన ధ్రువీకరణ లెక్కల్లో ఈ జాతి పంటలకి రెండు రకాల మధ్య అర కిలోమీటరు నుంచి కిలోమీటరు దూరం అడుగుతారు. మనకున్నది ఇరవై అడుగుల దొడ్డి. దూరం మన చేతిలో లేదు కాబట్టి పువ్వు మూతి కట్టేద్దాం.

ఆడపువ్వుని గుర్తుపట్టడం తేలిక. రేకుల కింద నూగుతో చిన్న పిందె ఉంటుంది. మగపువ్వుకి పిందె ఉండదు, సన్నటి పొడుగు కాడ ఒక్కటే. మగపువ్వులు ముందొచ్చి, ఎక్కువగా వస్తాయి. ఆడపువ్వులు ఎక్కువగా పక్క కొమ్మల మీద వస్తాయి కాబట్టి, అసలు తీగ పందిరెక్కాక దాని కొస తుంచేయండి. "మా పాదుకి అన్నీ మగపువ్వులే" అని కంగారుపడేవాళ్ళకి సగం మందు ఇదే. మిగతా సగం ఓపిక.

సాయంత్రం నాలుగైదింటికి పందిరి కిందికి వెళ్ళండి. ఆ రాత్రి విచ్చబోయే మొగ్గ కొస దగ్గర ఆకుపచ్చ తొడిమలోంచి తెల్లరేకు కాస్త తొంగిచూస్తుంది. మొత్తం పచ్చగా ఉంటే రేపటిది, ఒదిలేయండి. అలాంటి ఆడమొగ్గ ఒకటి, మగమొగ్గలు రెండుమూడు చూసుకుని వాటికి నెట్ సంచి తొడిగి, కాడ దగ్గర దారం లాగి కట్టండి. సంచులు కొనక్కర్లేదు. పెళ్ళిళ్ళలో, నోముల్లో రిటర్న్ గిఫ్టులు పెట్టి ఇచ్చే మెరుపు పొట్లీలు ప్రతి తెలుగింట్లో ఓ సొరుగు నిండా ఉంటాయి. పురుగు దూరనంత సన్నటి వల అది. ఆ పొట్లీలకి ఇంతకంటే మంచి వాడకం నాకు దొరకలేదు.

ఎండ వాలాక మళ్ళీ రండి. జూన్‌లో ఇక్కడ ఎనిమిదిన్నరకి గానీ పొద్దు గుంకదు, కాబట్టి భోజనాల ముందో వెనకో చూసుకోండి. సంచిలోనే పువ్వులు విచ్చి ఉంటాయి. మగపువ్వు కోసి, రేకులు వెనక్కి ఒలిచేస్తే మధ్యలో ముద్దలాంటి కాడ మిగులుతుంది. వేలితో ముట్టుకుంటే లేత పసుపు పొడి అంటాలి. అంటకపోతే పది నిమిషాలు ఆగండి. తర్వాత ఆడపువ్వు సంచి విప్పి, లోపల మూడు తమ్మెలుగా ఉన్న కీలాగ్రం (పుప్పొడి అందుకునే కొస) మీద ఆ పొడిని అన్ని వైపులా మెత్తగా రాయండి. రుద్దకండి, కాటుక పెట్టినంత నెమ్మదిగా. ఒక ఆడపువ్వుకి వీలైతే రెండు వేర్వేరు పాదుల మగపువ్వులు వాడండి. సంచి మళ్ళీ కట్టి, కాడకి ఎర్ర ఊలు ముడేసి తేదీ రాసిన చీటీ తగిలించండి. ఊలు మర్చిపోతే, నాలుగు రోజులకి ఇంట్లోవాళ్ళెవరో ఆ పిందెను కాస్తా కోసుకుపోతారు. మా ఇంట్లో అయింది.

రేకులు వాడి రాలాక సంచి తీసేయొచ్చు. పిందె ఉబ్బుతూ కిందికి వంగితే పట్టినట్టు. పసుపెక్కి రాలితే పట్టనట్టు. వేరే పువ్వుతో మళ్ళీ మొదలెట్టండి. నడివేసవి మంటల్లో చాలా రాలిపోతాయి, మీ చేతి తప్పు కాదు.

ఒకటి రెండు పాదుల గింజే ఏళ్ళ తరబడి తీస్తూ పోతే రకం నీరసిస్తుంది. ఒక్క ఇంట్లో పది పాదులు ఎవరు పెడతారు? లైబ్రరీ వర్క్‌షాప్ అక్కరకొచ్చేది ఇక్కడే. ఒకే కవరు గింజలు పట్టుకెళ్ళిన నలుగురైదుగురు ఫోన్ నంబర్లు ఇచ్చిపుచ్చుకుని, సాయంత్రాలు మగపువ్వులు మార్చుకుంటారు. మొన్నొకావిడ సంచి కట్టిన మగపువ్వుని తడి గుడ్డలో చుట్టి, స్టీలు డబ్బాలో పెట్టుకుని కారులో తెచ్చింది. డబ్బాకి మూత పెట్టి, పైన రబ్బరు బ్యాండు కూడా వేసింది. వాళ్ళాయన గేటు బయట కారులోనే కూర్చుని, "పెళ్ళికొడుకుని దించేసి వచ్చావా?" అని అడుగుతుంటే మా పందిరి కిందికి వినపడింది.

పాదుకి ఒకటి, మహా అయితే రెండు గింజకాయలు చాలు. కాయ ముదురుతుంటే పాదు కొత్త పిందెలు వెయ్యడం తగ్గిస్తుంది. కాబట్టి ముందు కూరకి కోసుకోండి, తర్వాత గింజకి వదలండి. మరీ ఆలస్యం చేయకండి. కాయ పూర్తిగా ముదరడానికి రెండు నెలల పైనే పడుతుంది, మాకు నవంబరులో మంచు పడుతుంది. అందుకే ఈ పని ఆగస్టు దాటనివ్వను. గోరు దిగనంతగా పెంకు గట్టిపడి, కాడ ఎండితే కోయొచ్చు. కోశాక నీడలో పెట్టి, ఊపితే గలగలలాడేదాకా ఆగండి.

కవరు మీద ఏం రాయాలి? రకం పేరు, ఊరు, నెల, సంవత్సరం, ఎన్ని పాదుల గింజ, "చేత్తో కట్టినది" లేదా "కట్టనిది". ఈ చివరి మాట నేను మా లైబ్రరీవాళ్ళని బతిమాలి చేర్పించాను. కట్టని గింజ ఇవ్వడం నేరం కాదు, ఆ సంగతి చెప్పకపోవడమే తప్పు. దుకాణంలో ఎఫ్1 హైబ్రిడ్ (రెండు రకాలు కలిపి తీసిన మొదటి తరం) అని కొన్నదాని గింజైతే సొరుగులో వెయ్యనే వద్దు. తర్వాతి తరం ఎటు పోతుందో చెప్పలేం.

ఇండియా నుంచి అమ్మ పంపిన గింజలు పెట్టెలో వేసుకొస్తామని అడుగుతున్నారు. ఫైటోశానిటరీ సర్టిఫికెట్టో (గింజకి చీడపీడలు లేవని పంపే దేశం ఇచ్చే కాగితం), చిన్న మొత్తాల గింజల కోసం ఇచ్చే పర్మిటో లేకుండా నాటే గింజలు ఈ దేశంలోకి తేకూడదు. కొంగున కట్టుకొచ్చే రోజులు పోయాయి. సొరుగు తెరిచి చూడండి, మీకు కావలసిన రకం ఇక్కడే ఎవరి పందిరి మీదో ఉండొచ్చు.

ఈ వారం పని: పందిరి కింద నిలబడి ఆడమొగ్గలు లెక్కపెట్టండి. అందులో ఒక్కదానికి పొట్లీ కట్టండి. ఆరో పాఠంలో ఎండిన కాయ పగలగొట్టి, గింజ ఆరబెట్టి, తడిగుడ్డలో పది గింజలు పెట్టి ఎన్ని మొలుస్తాయో చూద్దాం.