మావోడు రౌడీ అయితడా సార్? అని అడిగే తల్లిదండ్రులకు

నర్సంపేట వైపు ఊళ్లలో పంతులుగా పనిచేసిన నన్ను తల్లులు ఇప్పటికీ ఈ మాటే అడుగుతారు. చిన్నప్పుడే చూసి చెప్పగలిగేవాళ్లు ఎవరూ లేరు. మొండిగా, కొట్లాటలతో పెరిగిన పిల్లల్లో ఎక్కువమంది నేరస్థులు కారు. అయినా ఎప్పుడు మేలుకోవాలో తెలిసుండాలి.

ముందు పక్క తడపడం సంగతి. 1963లో మెక్‌డొనాల్డ్ అనే మానసిక వైద్యుడు పక్క తడపడం, నిప్పు పెట్టడం, జంతువులను హింసించడం, ఈ మూడూ చంపుతామని బెదిరించే రోగుల చిన్నతనంలో కనబడేవని ఒక గాటన కట్టాడు. తర్వాతి పరిశోధనల్లో ఆ లెక్క నిలబడలేదు. యూట్యూబ్‌లో మాత్రం ఇంకా తిరుగుతూనే ఉంది! పక్క తడిపితే డాక్టరుకు చూపించండి, చుట్టాల ముందు సిగ్గు తీయకండి.

తూనీగ తోకకు దారం కట్టడం, తొండను రాళ్లతో కొట్టడం మా దగ్గర చాలామంది పోరగాళ్లు చేసేవే. "దానికి నొప్పి కాదా బిడ్డా?" అన్నప్పుడు మొహం చిన్నబోతే సగం టెన్షన్ పోయినట్టే. చాటుకు తీసుకెళ్లి, కుక్కపిల్ల మొత్తుకుంటున్నా ఆపకుండా, మళ్లీ మళ్లీ చేస్తుంటే తేలిగ్గా తీసుకోవద్దు. నిప్పూ అంతే. చేను దగ్గర పెద్దవాళ్లతో కలిసి పత్తికట్టె కాల్చడం వేరు, పగబట్టి పక్కింటి గడ్డివాముకు అంటించడం వేరు.

ఒక నోట్‌బుక్ పెట్టండి. తేదీ, అంతకుముందు ఏం జరిగింది, ఎవరిని కొట్టాడు, తర్వాత ఎలా ఉన్నాడు, ఇంతే రాయండి. "వాడు దుర్మార్గుడు" అని రాస్తే డాక్టరుకు ఏమీ తెలియదు. దొంగతనం, బెదిరింపు, కొట్టడం, వస్తువులు పగలగొట్టడం లాంటివి ఏడాదిలో రెండు మూడు రకాలు కనబడితే, అదీ పదేళ్లలోపే మొదలైతే, ఆలస్యం చేయకండి. కత్తి పట్టుకుని బెదిరిస్తే నోట్‌బుక్ నిండేదాకా ఆగొద్దు.

అన్నిటికంటే ముందు ఇల్లు చూసుకోండి. రోజూ తాగొచ్చి కొట్టే తండ్రిని చూసినవాడు బడిలో అదే చేయొచ్చు. హాస్టల్లో పెద్ద పిల్లలు ఏడిపిస్తున్నారేమో, ఎవరైనా చేయకూడనిది చేస్తున్నారేమో, ఒంటరిగా కూర్చోబెట్టి మెల్లగా అడగండి. చేతిలో బెల్టు ఉంటే వాడు నిజం చెప్పడు. ఎవరైనా హింసిస్తున్నారని తెలిస్తే పిల్లల హెల్ప్‌లైన్ 1098కి ఫోన్ చేయండి.

సలహాకు టెలిమానస్ అనే సర్కారు మానసిక ఆరోగ్య ఫోన్ నంబరు 14416 ఉంది, డబ్బులు తీసుకోరు. నేరుగా వెళ్లాలంటే వరంగల్ ఎంజీఎం ఆసుపత్రిలో మానసిక వైద్య విభాగం ఉంది. గోలీలు ఇస్తే సరిపోతుందనుకోకండి, చిన్నపిల్లల విషయంలో వాళ్లతో ఎలా మెలగాలో తల్లిదండ్రులకే ఎక్కువ నేర్పిస్తారు. అందుకని నాన్న కూడా రావాలి. నోట్‌బుక్ డాక్టరు చేతికివ్వండి, పిల్లవాడి ముందు చదివి వినిపించకండి.