కొత్త పొట్ట, కొత్త అలవాటు – మూడవ పాఠం: నమలడం మళ్లీ నేర్చుకోవడం

బరువు తగ్గించే ఆపరేషన్ తరువాత మొదటి రెండు వారాలు ఎలా గడపాలో గత రెండు పాఠాలలో చూశాము. నీళ్లు గుటక గుటకగా తాగడం, వడగట్టిన పెసరకట్టునూ మజ్జిగనూ పాలనూ రోజంతా సర్దుకోవడం, ఆసుపత్రి మంచం దిగిన నాటి నుంచే నాలుగడుగులు వేయడం అప్పటి అభ్యాసాలు. ఈ మూడవ పాఠం మూడవ వారం మొదలుకొని ఆరవ వారం చివరి వరకు పనికివస్తుంది. మూడు, నాలుగు వారాలలో గుజ్జుగా చేసిన ఆహారం, అయిదు, ఆరు వారాలలో వేళ్లతో నొక్కితే నలిగే మెత్తని ఆహారం తీసుకోవడం ఎక్కువ మంది సర్జన్లు పాటించే క్రమం. మీకిచ్చిన చీటీలో తేదీలు వేరుగా ఉంటే ఆ చీటీనే పాటించండి. మీ పొట్టలో కుట్లు ఎక్కడ, ఎలా వేశారో తెలిసినవారు రాసిన చీటీ అది.

ఈ దశలో నేర్చుకోవలసిన విద్య నమలడం. ఇంత చిన్న విషయానికి ఒక పాఠం ఎందుకు అనిపించవచ్చు కనుక ముందు కారణం చెబుతాను. స్లీవ్ ఆపరేషన్‌లో జీర్ణాశయంలో సుమారు 75 నుంచి 80 శాతం తీసివేసి, అరటికాయ ఆకారంలో ఉండే సన్నని గొట్టాన్ని మాత్రమే మిగులుస్తారు. బాగా సాగే గుణం ఉన్నది తీసివేసిన ఆ భాగానికే. ఆకలి పుట్టించే గ్రెలిన్ అనే హార్మోన్ కూడా ఎక్కువగా అక్కడే తయారవుతుంది కనుక మొదటి నెలలలో ఆకలి అసలు వేయకపోవచ్చు. బైపాస్‌లోనైతే జీర్ణాశయం పైభాగంలో సుమారు 30 మిల్లీలీటర్లు పట్టే చిన్న సంచిని విడదీసి, దానిని నేరుగా చిన్నప్రేగుకు కలుపుతారు. పాత పొట్ట వచ్చినదాన్నంతా నిలవ చేసుకుని, తిప్పి, రుబ్బి, కొద్దికొద్దిగా కిందికి వదిలేది. ఇప్పుడు ఆ రుబ్బే పనిలో చాలా భాగం నోటి మీద పడుతుంది.

మన భోజనాన్ని ఒకసారి జాగ్రత్తగా గమనించండి. పప్పు కలిపిన మొదటి ముద్దలను కొంతవరకు నములుతాము. చారు పోసుకున్న తరువాత ముద్ద దానంతట అదే జారిపోతుంది. మజ్జిగన్నం దగ్గరికి వచ్చేసరికి పళ్లకు పనే ఉండదు. ముప్పయి, నలభై ఏళ్లుగా మింగడానికి అలవాటుపడిన గొంతుతో మీరు ఆపరేషన్ బల్ల ఎక్కారు. ఆపరేషన్ పొట్టను మార్చింది గానీ గొంతును మార్చలేదు. నలగని మెతుకులు సన్నని దారిలో ఇరుక్కుంటే ఛాతీ ఎముక కింద నొప్పి, వాంతి మొదలవుతాయి. అలా ఇరుక్కోకుండా పలుచగా జారిపోతే ఇంకొక నష్టం ఉంది: చారన్నం వెంటనే కిందికి దిగిపోతుంది, పొట్ట నిండినట్టే తెలియదు, ఒంటికి కావలసిన మాంసకృత్తులు అందవు, గంట తిరగకముందే మళ్లీ ఏదో ఒకటి నోట్లో వేసుకోవాలనిపిస్తుంది. ఏడాది, రెండేళ్ల తరువాత బరువు మళ్లీ పెరిగిందని వచ్చేవారితో కూర్చుని వారి రోజు తిండిని రాయించినప్పుడు, నాకు చాలాసార్లు కనిపించేది ఇటువంటి జారుడు తిండే.

డైటీషియన్‌గా పని మొదలుపెట్టిన కొత్తలో నేను చేసిన ఒక తప్పును ఇక్కడ చెప్పక తప్పదు. నాలుగవ వారానికి నేను రాసిచ్చిన చీటీలో 'మెత్తని ఇడ్లీ' అని ఉంది. వేలితో నొక్కితే ఇడ్లీ మెత్తగానే ఉంటుంది కదా అనుకున్నాను. ఆ చీటీ తీసుకువెళ్లిన ఒక పెద్దావిడ మూడవ రోజు ఉదయాన్నే ఫోన్ చేసి, "గుండె మీద రాయి పెట్టినట్టుంది మేడమ్, కిందికి పోదు, పైకి రాదు" అన్నారు. సగం ఇడ్లీని పల్లీ చట్నీతో నాలుగు ముక్కలుగా తిని, పట్టేసినట్టు అనిపించి, దించుకోవడానికి అరగ్లాసు నీళ్లు తాగారు. నీళ్లు ఆ ముద్ద మీదే నిలిచిపోయి, చాలాసేపు తెల్లని నురగ కక్కుకున్న తరువాత గానీ ఆవిడకు ఊపిరి తెరిపిన పడలేదు. ఇడ్లీ, బ్రెడ్డు, ఉప్మా, మెత్తగా వండిన అన్నం చేతికి మెత్తనివే గానీ, లాలాజలం తగిలితే పిండిముద్దలా అంటుకుపోతాయి. ఆవిడ అనుభవించిన ఆ ఉదయం తరువాత నా చీటీలలో వాటినన్నిటినీ ఆరవ వారం దాటిన తరువాతకే ఉంచుతున్నాను.

ఇక అభ్యాసం. ఇంట్లో నెయ్యి వడ్డించుకునే చిన్న గిన్నె ఉంటే దానిని తీసుకుని, 15 మిల్లీలీటర్లు పట్టే పెద్ద చెంచాతో నాలుగు చెంచాల నీళ్లు పోసి, అవి ఎంతవరకు వచ్చాయో చూడండి. ఆ 60 మిల్లీలీటర్లే మూడవ వారంలో మీ ఒక పూట భోజనం. ఆరవ వారానికి అది ఆరు, ఏడు చెంచాలు కావచ్చు. 30 గ్రాముల పెసరపప్పును కడిగి, చిటికెడు పసుపు, జీలకర్ర వేసి కుక్కర్‌లో బాగా ఉడికించి, ఉప్పు చేర్చి, పప్పుగుత్తితో పలుకు లేకుండా మెదపండి. కారం, చింతపండు, తాలింపులో వేగిన మిరపకాయ ఇప్పుడు వద్దు. కొద్దిగా తీసుకుని బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య రుద్దిచూడండి; వేళ్ల మధ్య ఒక్క గింజ తగిలినా మళ్లీ మెదపాలి. ఇంత పప్పు ఒక్క పూటకు ఎక్కువే కనుక రెండు పూటలకు పంచుకోండి.

కుర్చీలో నిటారుగా కూర్చోండి. కింద బాసింపట్టు వేసుకుని ముందుకు వంగితే కడుపు నొక్కుకుపోతుంది కనుక ఈ నెల పీట మీద భోజనం మానండి. తినడానికి చిన్న టీ చెంచా వాడండి, అందులోనూ సగమే తీసుకోండి. పప్పు గుజ్జే అయినా నోట్లో ఉంచి ఇరవైసార్లు దవడ ఆడించండి. నమలవలసింది లేనప్పుడు నమలడం వింతగా అనిపిస్తుంది, కానీ అయిదవ వారంలో పనీరో చేపముక్కో వచ్చేనాటికి దవడకు ఆ లెక్క అలవాటై ఉండాలి. మింగిన తరువాత చెంచాను గిన్నెలో కాక బల్ల మీద పెట్టి, ఒక నిమిషం ఆగి, మళ్లీ చేతిలోకి తీసుకోండి. పూట ముగియడానికి 20 నుంచి 30 నిమిషాలు పట్టాలి. అరగంట దాటితే గిన్నెలో ఎంత మిగిలినా లేచిపోండి. ఆ సమయంలో టీవీ, ఫోన్ ఆపివేయడం మంచిది, ఎందుకంటే ఇప్పుడు వినవలసిన సంకేతాలు చాలా చిన్నవి.

ఆ సంకేతాలను వివరంగా చెబుతాను. 'కడుపు నిండింది' అని మనం పూర్వం అనుకున్న భావన ఇప్పుడు చాలా ఆలస్యంగా వస్తుంది. అది తెలిసేసరికి ఒకటి, రెండు చెంచాలు ఎక్కువైపోయి ఉంటాయి. దానికంటే ముందు కొందరికి ఎక్కిళ్లు వస్తాయి. కొందరికి ఉన్నట్టుండి ముక్కు కారుతుంది, కొందరికి తుమ్ములు వస్తాయి, కొందరు తమకు తెలియకుండానే ఒక దీర్ఘమైన నిట్టూర్పు విడుస్తారు. ఛాతీ ఎముక కింద, రెండు పక్కటెముకలు కలిసేచోట, ఎవరో వేలు పెట్టి ఆనించినట్టు చిన్న ఒత్తిడి కలుగుతుంది. మీ సంకేతం ఏదో మీరే పసిగట్టాలి, పసిగట్టిన క్షణాన ఆపాలి, అప్పటికి ఒక్క చెంచాయే మిగిలినా సరే. వృథా చేయకూడదని పెద్దలు నేర్పిన మాట మంచిదే కనుక గిన్నెలోకి తీసుకునేటప్పుడే తక్కువగా తీసుకోండి. కొసరి వడ్డించే చేతులు ఇంట్లో ఉంటే, ఆ ప్రేమను నొప్పించకుండా, మీ వడ్డన మీరే చేసుకుంటామని ముందుగానే చెప్పి ఉంచండి.

భోజనంతో పాటు నీళ్లు తాగవద్దు, తిన్న తరువాత అరగంట వరకు కూడా వద్దు. అయితే రోజుకు కనీసం లీటరున్నర ద్రవాలు లోపలికి వెళ్లాలి. ఇది అసాధ్యం అనిపిస్తే లెక్క చూడండి: ఆరు పూటలకు తినే సమయమూ తరువాతి అరగంటా కలిపి సుమారు అయిదున్నర గంటలు పోయినా, మేలుకుని ఉండే సమయంలో ఇంకా పది గంటలు మిగులుతాయి, గంటకు 150 మిల్లీలీటర్లు, అంటే చిన్న స్టీలు కాఫీ గ్లాసుతో గ్లాసున్నర. పాలు, మజ్జిగ కూడా ఈ లెక్కలోకే వస్తాయి. మూత్రం ముదురు పసుపు రంగులో ఉంటే లెక్క తప్పిందని అర్థం. సోడా, కూల్‌డ్రింకులు ముట్టవద్దు. నీరసంగా ఉన్నారని ఇంట్లోవారు గ్లూకోజు నీళ్లు కలిపి ఇవ్వబోతే, ముఖ్యంగా బైపాస్ అయినవారు, వద్దనండి. తీపి ఒక్కసారిగా చిన్నప్రేగులోకి దిగితే పది నిమిషాల నుంచి అరగంటలోపే గుండెదడ, చెమటలు, కడుపులో మెలిక, విరేచనం రావచ్చు; మరికొందరికి ఒకటి నుంచి మూడు గంటల తరువాత రక్తంలో చక్కెర పడిపోయి కళ్లు తిరుగుతాయి. దీనిని డంపింగ్ అంటారు. పాయసం, పండ్లరసం కూడా ఇదే పని చేస్తాయి.

మాంసకృత్తుల లెక్కను నోటికి వచ్చేదాకా సాధన చేయండి. రోజుకు కనీసం 60 గ్రాములు కావాలి. ఒక ఉడికిన గుడ్డులో 6, గ్లాసు పాలలో 6, 50 గ్రాముల పనీరులో 9, పైన చెప్పిన 30 గ్రాముల పెసరపప్పులో 7, 150 గ్రాముల పెరుగులో 5, 50 గ్రాముల చేపలో 9 గ్రాములు ఉంటాయి. అన్నీ కలిపితే 42. మూడవ వారంలో ఇవన్నీ తినడమే కష్టం, తిన్నా 18 గ్రాముల లోటు మిగిలే ఉంది. అందుకే డాక్టరు రాసిచ్చిన ప్రొటీన్ పొడి ఈ నెలలలో మీకు మందుతో సమానం. ఖరీదు చూసి మానేసినవారి జుట్టు, కండ రెండూ నష్టపోవడం చూశాను. శాకాహారులు గుడ్డు, చేపల బదులు మరొక 50 గ్రాముల పనీరు, మరొక గ్లాసు పాలు చేర్చుకుంటే లెక్క సరిపోతుంది. చేప తినేవారు కొర్రమీను వంటి ముళ్లు తక్కువ ఉన్నవాటిని ఉడికించి, చేత్తో చిదిపి, ముళ్లు ఏరి తినాలి. కోడిమాంసాన్ని కీమాగా, తడిగా వండుకోవాలి. మాంసకృత్తులు తిన్న తరువాత గిన్నెలో చోటు మిగిలితేనే చెక్కు తీసి, గింజలు తీసి మెత్తగా ఉడికించిన బీరకాయ, సొరకాయ. మునక్కాడ, చిక్కుడుకాయ, తోటకూర కాడల వంటి పీచు ఉన్నవి, పచ్చళ్లు, గొడ్డుకారం ఇంకా ఆగాలి.

మాత్రల గురించి క్లుప్తంగా: మల్టీవిటమిన్, బి12, డి విటమిన్, ఐరన్, కాల్షియం సిట్రేట్ జీవితాంతం డాక్టరు చెప్పినట్టు వాడవలసినవి. ఐరన్‌కూ కాల్షియంకూ మధ్య రెండు గంటల ఎడం ఉంచండి, ఐరన్ వేసుకున్నప్పుడు కాఫీ, టీ తాగవద్దు. షుగరు, బీపీ మందుల మోతాదు ఈ వారాలలో త్వరగా మారుతుంది కనుక రీడింగులు రాసి డాక్టరుకు చూపించండి. మీ అంతట మీరు మానవద్దు, పాత మోతాదునే కొనసాగించనూ వద్దు. ఒళ్లునొప్పులకు ఇబుప్రొఫెన్, డైక్లోఫెనాక్ వంటివి మందుల షాపులో అడిగి కొనుక్కోకండి. అవి పుండ్లు పడేలా చేస్తాయి.

నడక మూడవ వారంలో పూటకు పది నిమిషాల చొప్పున మూడు పూటలా సాగాలి. వారానికి పూటకు రెండు, మూడు నిమిషాలు పెంచుతూ పోతే ఆరవ వారం చివరికి ఒకే విడతలో దాదాపు ఇరవై నిమిషాలు నడవగలుగుతారు. నడుస్తూ పక్కవారితో మాట్లాడగలగాలి, పాట మాత్రం పాడలేనంత వేగం ఉండాలి. మే నెల ఎండల్లో అయితే తెల్లవారుజామునే వెళ్లండి, లేదా వరండాలోనే అటూ ఇటూ తిరగండి. నాలుగవ వారం నుంచి, సర్జన్ సరేనంటే, గోడకు ఆనించిన కుర్చీలో కూర్చుని, చేతులు ఆనించకుండా లేచి, మూడు అంకెలు లెక్కపెడుతూ నెమ్మదిగా కూర్చోండి. లేచేటప్పుడు ఊపిరి బిగబట్టకుండా బయటికి వదలండి. అయిదుసార్లతో మొదలుపెట్టి పదికి చేరుకోవచ్చు. బరువు ఇంత వేగంగా తగ్గుతున్నప్పుడు కొవ్వుతో పాటు కండ కూడా కరుగుతుంది. శరీరంలోని పెద్ద కండరాలు తొడలలో ఉన్నాయి కనుక వాటికి పని చెప్పడం ముఖ్యం. అయిదు కిలోలకు మించిన బరువు మాత్రం ఎత్తవద్దు. నిండు బకెట్టు, నీళ్ల క్యాను, గ్యాస్ సిలిండరు, చంకనెత్తుకోమని చేతులు చాచే మనవడు, అన్నీ ఈ లెక్కలోకే వస్తాయి. మనవడిని మీరు కుర్చీలో కూర్చున్న తరువాత ఒడిలో పెట్టమనండి. సూర్యనమస్కారాలు, పొట్ట వ్యాయామాలు సర్జన్ అనుమతి వచ్చేదాకా వద్దు.

నాడి నిమిషానికి 120 దాటి తగ్గకపోయినా, జ్వరం వచ్చినా, కడుపునొప్పి పెరుగుతున్నా, నొప్పి ఎడమ భుజానికి పాకినా, ఒక కాలి పిక్క వాచినా, ఉన్నట్టుండి ఆయాసం వచ్చినా, మలం నల్లగా పోయినా, రోజంతా నీళ్లు కూడా నిలవకపోయినా పాఠాలు పక్కన పెట్టి వెంటనే ఆసుపత్రికి వెళ్లండి. వాంతులు కొన్ని రోజులు కొనసాగితే థయమిన్ (బి1 విటమిన్) తగ్గి నరాలు దెబ్బతింటాయి కనుక, 'కొత్తలో మామూలే' అనుకుని ఇంట్లో ఓర్చుకోవద్దు.

ఈ వారం అభ్యాసానికి ఒక చిన్న నోటుపుస్తకం పెట్టుకోండి. ప్రతి పూటా మొదలుపెట్టిన సమయం, ఆపిన సమయం, ఎన్ని చెంచాలు, ఆపమని చెప్పిన సంకేతం ఏది అన్న నాలుగు విషయాలు రాయండి. సంకేతం తెలియని పూట 'తెలియలేదు' అనే రాయండి. వచ్చే పాఠంలో ఏడవ వారం, అంటే పుల్కా, ఇడ్లీ, రెండు చెంచాల అన్నం వస్తాయి. వాటిని ఏ పూట, ఎంత మొదలుపెట్టాలో నిర్ణయించడానికి ఈ నోటుపుస్తకమే ఆధారం కనుక, ఆ పాఠానికి దానిని దగ్గర పెట్టుకుని కూర్చోండి.