కుక్కకి, పిల్లికి బీమా: ఏ రకం తీసుకోవాలి?

ప్రీమియం ఎంతో చూసేముందు ఒక సంగతి తేల్చుకోండి. మీ భయం జంతువు చనిపోతే పోయే డబ్బు గురించా, దాన్ని బతికించుకోవడానికి అయ్యే ఖర్చు గురించా? మరణ బీమా పాడిపశువుల బీమాలాంటిదే. ముందు విలువ కడతారు, చనిపోతే ఆ మొత్తం ఇస్తారు. వేలు పోసి జాతి కుక్కను కొన్నవాళ్లకు పనికొస్తుంది. వీధిలోంచి తెచ్చి పెంచుకున్న కుక్కకి, సెల్లార్‌లో దొరికిన పిల్లికి ధర ఎవరు కడతారు? కాలు విరిగితే మాత్రం ఆపరేషన్ వాటికీ తప్పదు. కాబట్టి ఆసుపత్రి, ఆపరేషన్ ఖర్చులిచ్చే పాలసీ వైపే వెళ్లండి. మరణ బీమా ఆ తర్వాతి మాట.

ముందు కాగితాలు. టీకాల పుస్తకంలో రేబిస్ టీకా తాజాగా ఉండాలి. కుక్కకి పార్వో, డిస్టెంపర్ టీకాలు, పిల్లికి ట్రైక్యాట్ అనే టీకా కూడా వేయించాలి. టీకాతో ఆగే జబ్బు, టీకా వేయించకుండా వస్తే క్లెయిమ్ రాదు. హైదరాబాద్‌లో ఉంటే కుక్కకి నగరపాలక సంస్థ జీహెచ్‌ఎంసీ లైసెన్సు తీసుకోండి. చర్మం కింద పెట్టే గుర్తింపు మైక్రోచిప్ వేయిస్తే ఏ జంతువన్న గొడవ ఉండదు. చిప్‌లోని 15 అంకెల నంబరు పాలసీలోనూ, డాక్టర్ కేస్ షీట్‌లోనూ ఒకేలా ఉందో లేదో మీరే సరిచూడండి. ఒక్క అంకె తేడా వచ్చినా క్లెయిమ్ ఆగిపోవచ్చు.

తర్వాత వయసు. కొన్ని పాలసీలు మామూలు జాతులను 7 ఏళ్ల వరకు చేర్చుకుంటాయి, గ్రేట్ డేన్ లాంటి భారీ జాతులను 4 ఏళ్లు దాటితే తీసుకోవు. రెన్యువల్ ఏ వయసు దాకా చేస్తారో కూడా అడగండి. ఖర్చులు మొదలయ్యేది ముసలితనంలోనే కదా.

ఇప్పుడు హైదరాబాద్‌లో ఎక్కువమంది దెబ్బతినే చోటుకి వద్దాం. పిడుదుల వల్ల వచ్చే టిక్ ఫీవర్ ఇక్కడ మామూలే. కుక్క తిండి మానేస్తుంది, చిగుళ్లు పాలిపోతాయి. పొద్దున క్లినిక్‌కి తీసుకెళ్లి సెలైన్ పెట్టించి, మధ్యాహ్నానికి ఇంటికి తెచ్చేస్తాం. రక్తపరీక్షలు, మందులు కలిపి బిల్లు పెరుగుతూనే ఉంటుంది, కానీ జంతువును ఆసుపత్రిలో చేర్చలేదు. అడ్మిషన్ ఉంటేనే డబ్బిచ్చే పాలసీలో ఇందులో ఒక్క రూపాయీ రాదు. అందుకే కుక్కకి ఓపీడీ కవర్, అంటే అడ్మిషన్ లేని వైద్యానికీ డబ్బిచ్చే కవర్, జోడించుకోవడం మంచిది. మగపిల్లికి మూత్రం ఆగిపోతే కథ వేరు. కాథెటర్ (మూత్రం తీసే గొట్టం) వేసి రోజుల తరబడి ఆసుపత్రిలో ఉంచాల్సి రావచ్చు. బాల్కనీ నుంచి పడినా అంతే. పిల్లికి ఆసుపత్రి కవర్ పెద్దదిగా చూడండి. పిల్లులకు పాలసీలు తక్కువ, వెతకాల్సి వస్తుంది.

మినహాయింపుల పేజీని తీరిగ్గా చదవండి. పాత జబ్బులు, వంశపారంపర్య జబ్బులు చాలావాటిలో రావు. లాబ్రడార్, జర్మన్ షెపర్డ్‌లకు వచ్చే తుంటికీలు సమస్య ఈ లెక్కలోకే వస్తుంది. పాలసీ మొదలైన తొలి రోజుల్లో నిరీక్షణ గడువు ఉంటుంది, అప్పుడు వచ్చిన జబ్బుకు డబ్బివ్వరు. ఆ గడువు ముగిశాక డాక్టర్‌ దగ్గరికెళ్లి ‘నెల నుంచి కుంటుతోంది’ అంటే కేస్ షీట్‌లో అదే రాస్తారు, కంపెనీ దాన్ని పాత జబ్బుగా లెక్కేస్తుంది. పాలసీకి ముందే పరీక్ష చేయించి ఆరోగ్య సర్టిఫికెట్ తీసుకుంటే ఈ వాదనకి జవాబుంటుంది.

చేతికొచ్చేదెంతో లెక్కేసుకోండి. బిల్లు 30,000 అనుకుందాం. మొదటి 2,000 మీరే భరించాలని, మిగతాదాంట్లో 20 శాతం కో-పే (మీ వాటా) అని ఉంటే 28,000లో 5,600 పోయి 22,400 వస్తుంది. ఆపరేషన్‌కి విడిగా పరిమితి ఉంటే ఇంకా తగ్గుతుంది. రెండు పాలసీలను ఇదే బిల్లుతో పోల్చి చూడండి, ప్రీమియంతో కాదు.

మరణ బీమా కూడా ఉంటే, జంతువు పోయినప్పుడు ఎంత బాధలో ఉన్నా ముందు కంపెనీకి చెప్పండి. పోస్టుమార్టం రిపోర్టు అడుగుతారేమో తెలుసుకోకుండా ఫతుల్లగూడలోని పెంపుడు జంతువుల శ్మశానవాటికకు తీసుకెళ్లొద్దు. దహనం అయిపోయాక రుజువు దొరకదు.

క్లెయిమ్ తిరస్కరిస్తే కారణం రాతపూర్వకంగా అడిగి, ముందు కంపెనీ ఫిర్యాదుల విభాగానికి రాయండి. అక్కడ న్యాయం జరగకపోతే బీమా ఫిర్యాదులు తేల్చే అంబుడ్స్‌మన్ ఆఫీసుకు, హైదరాబాద్ లక్డీకాపూల్‌కు, వెళ్లొచ్చు. అక్కడ ఫీజు లేదు, వకీలు అక్కర్లేదు.