ఫ్యాన్ ఈడుస్తూ తిరుగుతోందా? పాత సామాన్లకు వేసే ముందు ఇలా బాగు చేసుకోండి

సీలింగ్ ఫ్యాన్‌లో పాడయ్యేవి ముఖ్యంగా మూడే: కండెన్సర్ (మోటారు తిరగడానికి తోడ్పడే చిన్న డబ్బా, కెపాసిటర్ అనీ అంటారు), బేరింగులు (షాఫ్ట్ మీద నునుపుగా తిరగడానికి పెట్టే గుళ్ల రింగులు), వైండింగ్ (మోటారులో చుట్టిన తీగ). మొదటి రెండూ వందల్లో అయిపోయే ఖర్చు. ఫ్యాన్ నెమ్మదించగానే కొత్తది కొనేవాళ్లలో చాలామంది ఇళ్లలో పోయింది కండెన్సర్ ఒక్కటే.

ముందు రోగం తేల్చుకోవాలి. ఇంట్లో ఫ్యాన్లన్నీ మందగిస్తే అది లో వోల్టేజి; వోల్టేజి పది శాతం తగ్గితే మోటారు బలం దాదాపు ఇరవై శాతం పడిపోతుంది. ఒక్క ఫ్యానే అయితే, స్విచ్ ఆపి రెక్కను చేత్తో తిప్పండి. గరగరమంటూ ఠక్కున ఆగితే బేరింగులు అరిగినట్టు. హాయిగా నాలుగైదు చుట్లు తిరిగితే బేరింగులు బాగున్నట్టే. ఇక కరెంటు ఇచ్చాక గుయ్‌మంటూ కదలకుండా ఉండి, కర్రతో నెడితే ఎటు నెడితే అటు తిరిగిందంటే నూటికి తొంభైపాళ్లు కండెన్సరే. కండెన్సర్ బాగుంటే ఫ్యాన్‌కు దిశ ఎవరూ చెప్పనక్కర్లేదు.

కండెన్సర్ మార్చడం

1. స్విచ్ ఆపితే చాలదు. పాత వైరింగ్‌లో స్విచ్ న్యూట్రల్ మీద ఉండొచ్చు, అప్పుడు స్విచ్ ఆపినా ఫ్యాన్‌లో కరెంటు ఉంటుంది. ఎంసీబీ (మెయిన్ బోర్డులో ఆ లైనును ఆపే స్విచ్) దించండి. ఇన్వర్టర్ ఉంటే దాన్ని కూడా ఆపండి, ఎందుకంటే చాలా ఇళ్లలో ఫ్యాన్ల లైను ఇన్వర్టర్ మీదే ఉంటుంది, మెయిన్ తీసినా కరెంటు వస్తూనే ఉంటుంది. టెస్టర్‌తో రెండు వైర్లూ చూశాకే చెయ్యి పెట్టండి.

2. మోటారు పైనున్న ప్లాస్టిక్ కప్పు మరలు వదులు చేసి పైకి జరపండి. సన్నని రెండు వైర్లున్న డబ్బా లేదా గొట్టంలాంటిదే కండెన్సర్. ఏ వైరు ఎక్కడుందో ఫోన్‌లో ఫోటో తీసి పెట్టుకోండి. కంపెనీని బట్టి రంగులు మారతాయి, ఊహ మీద కలపొద్దు.

3. వైర్లు విప్పేముందు కండెన్సర్ రెండు కొసలనూ కరెంటుకు కలపని హోల్డర్‌లోని మామూలు ఫిలమెంటు బల్బు వైర్లకు ఓసారి తగిలించండి, లోపల మిగిలిన చార్జి పోతుంది.

4. దాని మీద 2.5 మైక్రోఫారడ్, 440 వోల్ట్ ఏసీ లాంటి అంకెలుంటాయి. కొత్తది అచ్చం అదే అంకెల్లో తీసుకోండి. పోయిన పాతదాన్ని మల్టీమీటర్‌లో కొలిస్తే 2.5 ఉండాల్సింది 2.1, 1.8 అని చూపుతుంది. లోపలి లోహపు పూత ఏళ్ల తరబడి కొద్దికొద్దిగా కాలిపోతుంది కాబట్టే ఫ్యాన్ ఒక్కరోజులో కాక నెమ్మదిగా మందగిస్తుంది.

5. ఫోటో చూసి పాత చోటే కలిపి, మెలికలు గట్టిగా తిప్పి ఇన్సులేషన్ టేప్ చుట్టండి.

స్పీడు పెరుగుతుందని 4 మైక్రోఫారడ్‌ది వేయమని సలహా ఇచ్చేవాళ్లుంటారు, వినకండి. మోటారులో రెండు వైండింగులుంటాయి; కండెన్సర్ కలిసే స్టార్టింగ్ వైండింగ్‌లో కరెంటు పెరిగి వేడెక్కుతుంది, వేసవి దాటకముందే వైండింగ్ మాడిపోవచ్చు. తిప్పి చూశాక గాలి పైకి పోతుంటే కండెన్సర్ వైరు రెండో వైండింగ్‌కు తగిలించినట్టు. రెక్కలో పైకి లేచిన అంచు ముందు నడిస్తేనే గాలి కిందికి దిగుతుంది.

బేరింగులు మార్చడం

ఇది కాస్త పని, దించేటప్పుడు ఇంకొకరు ఉండాలి. ప్రతి రెక్కకూ, అది బిగించిన చోటికీ ఒకే అంకె వేసుకోండి. మూడు రెక్కలూ బరువు కుదిర్చిన సెట్టు. వేరే ఫ్యాన్ రెక్క కలిపితే ఊగడం ఖాయం. మోటారు పైకప్పు, కిందికప్పు కలిసే చోట సుద్దతో అడ్డగీత గీసి, మరలు విప్పండి.

ఇళ్లలోని ఫ్యాన్లలో ఎక్కువగా 6202, 6201 బేరింగులు ఉంటాయి. పాతదాని అంచు మీద చెక్కిన అంకె చూసి, రెండు వైపులా రేకు మూత ఉన్న రకం కొనండి. పాతవి పుల్లర్‌తో (బేరింగును పట్టి బయటికి లాగే పనిముట్టు) లాగాలి. కొత్తది ఎక్కించేటప్పుడే చాలామంది పాడు చేస్తారు. షాఫ్ట్ మీదికి దిగాల్సింది లోపలి రింగు. దానికి సరిపోయే ఇనుప గొట్టం ముక్క పెట్టి, ఆ రింగు మీదే తట్టండి. బయటి రింగు మీద సుత్తి వేస్తే దెబ్బంతా బేరింగు లోపలి ఇనుప గుళ్ల గుండా పోయి, అవి దొర్లే దారిలో కంటికి కనపడనంత గుంటలు పడతాయి. అప్పటికి బాగానే తిరిగినా కొన్నాళ్లకు మళ్లీ గరగర మొదలవుతుంది. బేరింగులో కొబ్బరినూనె, కుట్టుమిషను నూనె పోయకండి, ఉన్న గ్రీజు కరిగి కారిపోతుంది.

తిరిగి వేలాడదీసేటప్పుడు రాడ్డు బోల్టులకు కొత్త స్ప్లిట్ పిన్నులు (బోల్టు ఊడిరాకుండా దాని రంధ్రంలో దూర్చే రెండు కాళ్ల పిన్నులు) వేసి, వాటి కాళ్లు రెండూ విడదీసి వంచండి. ఈ పిన్ను మీదే మీ తలల భద్రత ఆధారపడి ఉంది. తిప్పాక ఊగితే, ప్రతి రెక్క కొస గది పైకప్పు నుంచి ఎంత దూరంలో ఉందో టేపుతో కొలవండి. అర సెంటీమీటరుకు మించి తేడా ఉన్న రెక్కను రెక్కపట్టీ దగ్గర మెల్లగా వంచి సరిచేయాలి.

మోటారు విప్పినప్పుడు రాగితీగ నల్లబడి మాడువాసన వస్తే వైండింగ్ పోయినట్టు. అప్పుడు లెక్క వేసుకోవాలి. పాత ఫ్యాన్ 75 వాట్ల దాకా లాగుతుంది, బీఎల్‌డీసీ (తక్కువ కరెంటుతో నడిచే కొత్తరకం మోటారు) ఫ్యాన్ 30 వాట్ల దగ్గర సరిపెడుతుంది. పగలూ రాత్రీ తిరిగే హాలు ఫ్యాన్‌కు కొత్తదే మేలు. ఎప్పుడో ఒకసారి వేసే గదిదైతే రాగితీగతో రీవైండింగ్ చేయించుకోండి. ధర తగ్గిస్తామని అల్యూమినియం తీగ చుడతామంటే ఒప్పుకోవద్దు.