క్యారవాన్ ఇంజిన్‌కి మానిఫోల్డ్ గ్యాస్కెట్ మళ్ళీ మళ్ళీ పోతోందా? సమస్య - పరిష్కారం

కోనసీమకి షూటింగులకొచ్చే క్యారవాన్ అయినా, మినీ బస్సు చాసిస్ మీద సొంతంగా కట్టించుకున్న బండి అయినా, లోపల మంచం, ఏసీ, వంటగట్టు ఎన్నున్నా కింద ఉన్నది మామూలు లారీ, బస్సుల డీజిల్ ఇంజినే. ఎగ్జాస్ట్ మానిఫోల్డ్ అంటే ఇంజిన్ పొగని సైలెన్సర్ వైపు పంపే ఇనుప గొట్టాల దిమ్మ. దానికీ హెడ్‌కీ (సిలిండర్ల పైన కూర్చునే దిమ్మ) మధ్య పొగ కారకుండా పెట్టే పలకే గ్యాస్కెట్. అది ఎప్పుడో ఒకసారి పోవడం వింతేం కాదండి. మార్చిన కొన్నాళ్ళకే మళ్ళీ పోయిందంటే మాత్రం మూడోది కొనకండి. తప్పు గ్యాస్కెట్‌ది కాదు.

పొద్దున్నే టిక్ టిక్, బండి వేడెక్కాక మాయం

కారణం: మానిఫోల్డ్‌కీ హెడ్‌కీ మధ్య సందు. ఇనుము వేడికి సాగి సందు మూసుకుంటుంది కాబట్టి కాసేపటికి శబ్దం ఆగుతుంది. "తగ్గిపోయింది కదా" అని డ్రైవర్లు వదిలేసేది ఇక్కడే. వేడెక్కినా ఆగకుండా చఫ్ చఫ్‌మంటూ, ఇంజెక్టర్ (సిలిండర్‌లోకి డీజిల్ చిమ్మేది) చుట్టూ తారులాంటి నల్లటి గడ్డ కట్టి ఉంటే అది ఇంజెక్టర్ వాషర్ పని, మానిఫోల్డ్ జోలికి పోనక్కర్లేదు.

లీకు పట్టుకోడానికి చల్లటి ఇంజిన్ స్టార్ట్ చేసి, డీజిల్ పైపులకు దూరంగా ఉంచుతూ, అగరబత్తి పొగ జాయింటు వెంబడి నడిపించండి. లీకున్న చోట పొగ చెదురుతుంది. నల్లమసి చారలు కూడా దారి చూపిస్తాయి.

పరిష్కారం: మానిఫోల్డ్ విప్పి, పోర్టు ముఖాలన్నిటి మీదా (హెడ్‌కి ఆనే చోట్లు) అడ్డంగా వంకర లేని స్టీలు స్కేలు పెట్టి, కింద ఫీలర్ గేజ్ (సందు కొలిచే సన్నటి రేకు) దూర్చండి. మీ ఇంజిన్ మాన్యువల్లో హద్దు ఉంటే అదే పాటించండి, లేకుంటే నా లెక్క 0.2 మి.మీ. అది దూరిందంటే మానిఫోల్డ్ వంగింది. లేత్ షాపులో ముఖాలన్నీ ఒకే మట్టానికి చెక్కించాలి (ఫేసింగ్). హెడ్ వైపు కూడా చూడండి. రెడ్ సిలికాన్ పూసి బిగించే పని చేయనివ్వద్దు. లోడు మీద డీజిల్ పొగ 600 డిగ్రీలు దాటుతుంది, ఆ పేస్టు ఆ వేడికి నిలవదు.

చివరి స్టడ్లే విరుగుతున్నాయి

స్టడ్లంటే మానిఫోల్డ్‌ని హెడ్‌కి పట్టి ఉంచే మరల కడ్డీలు. అవెందుకు విరుగుతాయో తెలిస్తే మిగతాదంతా తెలిసినట్టే. కాస్ట్ ఐరన్ ప్రతి డిగ్రీకీ మీటరుకి సుమారు 0.011 మి.మీ. సాగుతుంది. అర మీటరు మానిఫోల్డ్ 500 డిగ్రీలు వేడెక్కితే రెండున్నర మి.మీ. పైగా పొడవు పెరుగుతుంది. పక్కనే ఉన్న హెడ్‌ని నీళ్ళు చల్లబరుస్తుంటాయి, అదంత సాగదు. అందుకే చాలా మానిఫోల్డులకు చివరి రంధ్రాలు కాస్త పెద్దవిగా ఉంటాయి, అక్కడ ఇనుము జరగాలి. దొరికిన లావు బోల్టు కొట్టి, పానాకి పైపు తొడిగి బలంగా బిగిస్తే జరిగే దారి లేక స్టడ్ విరుగుతుంది, లేదా మానిఫోల్డే పగులుతుంది. అంతర్వేది, ఓడలరేవు వైపు ఉప్పుగాలికి తుప్పు పట్టిన పాత స్టడ్లు ఇంకా తొందరగా పోతాయి.

విరిగిన ముక్కకు ఈజీ-అవుట్ (ముక్కలో రంధ్రం చేసి దింపి తిప్పే ఉక్కు పనిముట్టు) దింపకండి. అది లోపల విరిగితే గట్టి ఉక్కు, డ్రిల్లు ఎక్కదు. ముక్క మీద నట్టు పెట్టి వెల్డింగ్ చేసి, చల్లారనిచ్చి మెల్లగా ముందుకీ వెనక్కీ కదుపుతూ తీయడం మేలు. తర్వాత అన్ని స్టడ్లూ కొత్తవే, వేడికి తట్టుకునేవి వేయించండి. నైలాన్ లాక్ నట్లు వద్దు, కరుగుతాయి. ముందు అన్నీ చేత్తో తిప్పి, మధ్య నుంచి చివరలకు రెండు మూడు విడతల్లో టార్క్ రెంచ్‌తో (ఎంత బిగువో చూపించే పానా) బిగించాలి.

కొత్త మానిఫోల్డ్ కూడా అదే చోట పగిలింది

క్యారవాన్‌కి ప్రత్యేకమైన రోగం ఇది. బాడీ కట్టేవాళ్ళు సైలెన్సర్ పైపు పొడిగించి, హ్యాంగర్లు సరిగా పెట్టరు, ఊపు తట్టుకునే మడతల పైపు ముక్క, బెలోస్, తీసేస్తారు. బరువంతా టర్బో (పొగ ఊపుతో ఇంజిన్‌కి గాలి నెట్టేది) మీదుగా మానిఫోల్డ్‌కి వేలాడుతుంది, కావిడికి ఒకవైపే బిందె కట్టినట్టు. కాలువ గట్ల మీద గుంతల్లో ఊగే ప్రతి ఊపూ అక్కడికే చేరుతుంది.

టర్బో దగ్గర జాయింటు వదులు చేసి చూడండి. పైపు ఉన్నచోటే నిలబడాలి. కిందకి జారినా, పక్కకు తన్నినా హ్యాంగర్లు సరిచేసి, బెలోస్ వేయించండి. ఇంజిన్ మౌంటింగులు కూడా చూడాలి. పైపు బాగానే ఉంటే వేడి ఎందుకెక్కువైందో వెతకండి: మూసుకుపోయిన ఎయిర్ ఫిల్టర్, చిరిగిన టర్బో హోసు, ఎక్కువ డీజిల్ కొట్టే ఇంజెక్టర్లు.

ఇంకోటి, వరదల్లో లంకల కాజ్‌వేల మీద నీళ్ళున్నప్పుడు, ఎర్రగా కాగిన ఇంజిన్‌తో దిగకండి. బండి ఆపగానే ప్రెషర్ వాటర్ కొట్టించడమూ అంతే. పగిలిన కాస్ట్ ఐరన్‌ని వెల్డ్ చేస్తే కాస్త దూరం వస్తుంది, దాని మీద భరోసా పెట్టుకోవద్దు.

లోపల పొగ వాసన

దీనికి తీరిగ్గా చూసుకునే సమయం లేదు. ఇంజిన్ నడుస్తుండగా ఎవర్నీ లోపల పడుకోనివ్వకండి, పొగలో ఉండే కార్బన్ మోనాక్సైడ్ విషవాయువు, దానికి వాసన ఉండదు. లీకు సరిచేసి, ఫ్లోర్‌లో వైర్లు దూరిన రంధ్రాలు మూయించి, ఆ వాయువుని పట్టే అలారం పెట్టించండి.

జాయింటు దగ్గర నల్లటి నూనె తడి

షూటింగులో ఏసీ కోసం గంటల తరబడి ఐడిల్‌లో పెడితే కాలని డీజిల్, ఆయిల్ అలా కారతాయి. గ్యాస్కెట్ మార్చక్కర్లేదు. రావులపాలెం దగ్గర హైవే ఎక్కి అరగంట లోడు మీద నడపండి. అప్పటికీ కారుతుంటే టర్బో సీల్ చూపించండి.